వాట్సాప్ మాట, కడలి కింది కేబుల్, తెరుచుకోని పేజీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అయ్యా, నేను ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరై గాజువాకలో ఉంటున్నాను. రెండేళ్ల కిందట ఆనందపురం వైపు స్థలం కొనడానికి ఒక వ్యాపారికి అడ్వాన్సు ఇచ్చాను. రిజిస్ట్రేషను ఎప్పటిలోగా చేయిస్తాడో, చేయించలేకపోతే డబ్బు ఎంత వడ్డీతో తిరిగిస్తాడో అతను వాట్సాప్‌లో రాశాడు, వాయిస్ మెసేజిలు కూడా పంపాడు. కాగితం మీద రాసుకున్నది ఏమీ లేదు. ఇప్పుడు ఆ మాటలు తనవి కావంటున్నాడు. మా అబ్బాయి అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి ప్రింట్లు తీయించాడు. ఇవి కోర్టులో చెల్లుతాయా? (ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: ఆ సందేశాలు సాక్ష్యంగా చెల్లుతాయి. కానీ ఆ ప్రింట్లను మాత్రమే పట్టుకుని వెళితే అవతలి పక్షం లేవనెత్తే మొదటి అభ్యంతరానికే మీ దావా ఇబ్బందిలో పడుతుంది. కాబట్టి ఇప్పటి నుంచి మీరు ఏం చేయాలో, ఎందుకు చేయాలో కొంచెం వివరంగా చెబుతాను.

1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డుకు సంబంధించిన నిబంధన అందులో 63వ సెక్షన్‌గా ఉంది. పాత చట్టంలో ఇదే 65బి సెక్షన్. ఫోనులో గానీ కంప్యూటరులో గానీ ఉన్న సమాచారాన్ని ప్రింటుగానో కాపీగానో కోర్టు ముందు పెట్టినప్పుడు, అది ఏ పరికరంలోంచి, ఏ పద్ధతిలో వచ్చిందో తెలిపే ధ్రువపత్రం ఒకటి దానితో పాటు దాఖలు చేయాలని ఈ సెక్షన్ చెబుతుంది. ఈ ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో చెప్పింది. 2018లో మరో ధర్మాసనం ఆ నియమాన్ని కొంత సడలించగా, 2020 జులైలో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సడలింపును తోసిపుచ్చింది. అయితే అదే తీర్పు మీలాంటివారికి ఉపయోగపడే మాట ఒకటి చెప్పింది: ఫోను యజమాని స్వయంగా బోనెక్కి, ఈ ఫోను నాది, సమాచారం మొదట వచ్చి చేరింది ఇందులోనే అని నిరూపిస్తూ అసలు పరికరాన్నే కోర్టు ముందు పెడితే ధ్రువపత్రం అవసరం ఉండదు. అందువల్ల మీ దగ్గరున్న అత్యంత విలువైన సాక్ష్యం ఆ ఫోనే. దాన్ని అమ్మకండి, ఎక్స్ఛేంజిలో ఇవ్వకండి, రీసెట్ చేయకండి. ఆ చాట్‌లో సందేశాలు వాటంతటవే మాయమయ్యే సెట్టింగు ఉంటే ఈరోజే తీసేయండి.

కొత్త చట్టం ధ్రువపత్రం నమూనాను షెడ్యూలులోనే ఇచ్చింది. అందులో మొదటి భాగాన్ని రికార్డు సమర్పించే వ్యక్తి, రెండో భాగాన్ని నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ ఆ ఫైలు హాష్ విలువ రాయాల్సి ఉంటుంది. చట్టానికీ గణితశాస్త్రానికీ ముడి పడింది ఇక్కడే. దీన్ని వకీలుకు వదిలేయకుండా మీరు కూడా అర్థం చేసుకోవడం మంచిది.

ఫోనులోని ప్రతి ఫైలూ, అది అక్షరమైనా బొమ్మైనా గొంతైనా, లోపల అంకెల వరుసే. ఆ వరుసను హాష్ అల్గారిథమ్ అనే గణిత ప్రక్రియ గుండా పంపితే నిర్ణీత పొడవున్న ఒక విలువ బయటకు వస్తుంది. షా-256 అనే పద్ధతిలో అది 64 అంకెలు, అక్షరాల పొడవు ఉంటుంది. అదే ఫైలును ఎన్నిసార్లు, ఏ కంప్యూటరులో లెక్కించినా అదే విలువ వస్తుంది. ఫైలులో ఒక్క కామా మారినా విలువ మొత్తం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. దస్తావేజు మీది వేలిముద్రలాంటి పని ఇది చేస్తుంది. దాఖలు చేసిన రోజున రాసిన విలువ, మూడేళ్ల తరువాత విచారణ నాడు లెక్కించిన విలువ ఒకటే అయితే, ఆ మధ్యకాలంలో ఫైలును ఎవరూ ముట్టుకోలేదని న్యాయమూర్తి ఎవరి మాటా నమ్మాల్సిన పని లేకుండానే తేల్చుకోవచ్చు. సాక్షి మారిపోతాడేమో, గుమస్తా కాగితం మార్చేస్తాడేమో అని భయపడే సామాన్యుడికి ఇది చాలా పెద్ద రక్షణ అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. మొదటిది, స్క్రీన్‌షాట్ అనేది అసలు సందేశం కాదు. అది సందేశాన్ని చూపే కొత్త బొమ్మ, దాని హాష్ వేరు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కూడా దారిలో కుదించుకుపోతుంది కాబట్టి, మీ అబ్బాయి మరో ఫోనుకు పంపి దాచిన ఫొటో మీ ఫోనులోని ఫొటోతో సరిపోలదు. కాపీ తీయాలంటే చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి, వాయిస్ ఫైళ్లను కేబుల్ ద్వారా నేరుగా కంప్యూటరులోకి తీసుకుని, ఆ రోజే హాష్ లెక్కించి, తేదీతో రాసి పెట్టుకోవాలి.

రెండో మెలిక చట్టంలోనే ఉంది. షెడ్యూలు నమూనా షా-1, షా-256, ఎండీ5 అనే మూడు పద్ధతుల పేర్లు చెప్పి, ఇతర పద్ధతులకూ చోటు ఇచ్చింది. వీటిలో ఎండీ5 బలహీనమైనదని, వేర్వేరు ఫైళ్లకు ఒకే విలువ రప్పించవచ్చని 2004లోనే చైనా శాస్త్రవేత్తలు చూపించారు. షా-1 విషయంలో అదే పనిని 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని పరిశోధన సంస్థ కలిసి చేసి చూపాయి. శాస్త్రం పక్కన పెట్టినవాటిని చట్టం 2023లో ఇంకా తన నమూనాలో నిలుపుకోవడం నాకు సమంజసంగా కనిపించదు. మీరు మాత్రం షా-256 విలువే రాయించండి. రేపు ఎదుటి న్యాయవాది నిపుణుణ్ని ప్రశ్నించేటప్పుడు ఆ దారి ముందే మూసి ఉంటుంది.

మరో రెండు మాటలు. హాష్ విలువ ఫైలు మారలేదని మాత్రమే చెబుతుంది, ఆ మాటలు అన్నది అతనేనని చెప్పదు. దానికి అతని నంబరు, మీ బ్యాంకు ఖాతాలోంచి వెళ్లిన డబ్బు, అవసరమైతే కోర్టు ద్వారా గొంతు పరీక్ష తోడు కావాలి. ఇక గడువు సంగతి. ఇలాంటి ఒప్పందాల మీద దావాకు లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు సాధారణంగా మూడేళ్లు. దాన్ని ఏ తేదీ నుంచి లెక్కించాలో అతను రాసిన సందేశమే చెప్పవచ్చు. రెండేళ్లు గడిచిపోయాయి కాబట్టి ఈ నెలలోనే వకీలును కలవండి.

ప్రశ్న: నమస్కారమండి. మాది పెదజాలారిపేట. నాన్న, అన్నయ్య చేపల వేటకు వెళతారు. విశాఖకు గూగుల్ డేటా సెంటర్ వస్తోందని, దానికోసం సముద్రం అడుగున కేబుళ్లు వేస్తారని అంటున్నారు. ఆ కేబుల్‌కు వల తగిలితే కేసు పెడతారా? వల పోతే ఎవరిస్తారు? ఊళ్లో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. (డిగ్రీ విద్యార్థిని, పెదజాలారిపేట)

జవాబు: అమ్మా, ఇది మీ పేట మొత్తం అడగాల్సిన ప్రశ్న, అదీ కేబుల్ పడకముందే అడగాల్సిన ప్రశ్న. విశాఖలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడితో డేటా కేంద్రాన్ని, దానితో పాటు అంతర్జాతీయ సముద్రగర్భ కేబుళ్లు తీరానికి చేరే ద్వారాన్ని ఏర్పాటు చేస్తామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఇప్పటివరకు మన దేశానికి వచ్చే కేబుళ్లు ప్రధానంగా ముంబయి, చెన్నై తీరాలకే చేరుతున్నాయి. ఖండాల మధ్య నడిచే ఇంటర్నెట్ దాదాపు అంతా ఉపగ్రహాల మీద కాకుండా ఈ కేబుళ్ల మీదే ఆధారపడి ఉంది. 2008 జనవరిలో ఈజిప్టు దగ్గర కేబుళ్లు తెగితే మన దేశంలో ఇంటర్నెట్ చాలా రోజులు నత్తనడక నడిచింది. కొత్త తీరానికి కేబుల్ రావడం దేశానికి అవసరమే. ఆ అవసరానికి అయ్యే ఖర్చు వేట మీద బతికేవారి నెత్తిన పడకూడదన్నది కూడా అంతే ముఖ్యం.

ముందు కేబుల్ ఎలా ఉంటుందో తెలుసుకుంటే భయం కొంత తగ్గుతుంది. లోతైన సముద్రంలో అది తోటకు నీళ్లు పెట్టే గొట్టమంత లావే ఉంటుంది, అడుగున ఊరికే పడి ఉంటుంది. తీరానికి దగ్గరయ్యే కొద్దీ ఇనుప తీగల తొడుగులు వేసి, సాధారణంగా మీటరు లోతు వరకు ఇసుకలో పాతుతారు. ఎందుకంటే ప్రపంచంలో కేబుళ్లు దెబ్బతినే సంఘటనల్లో ఎక్కువ భాగానికి కారణం సొరచేపలో భూకంపాలో కావు, లంగర్లు, వలలే. అందులోనూ అడుగును గీరుకుంటూ పోయే ట్రాలర్ వల వల్ల ప్రమాదం ఎక్కువ. నీటి పైభాగంలో వేసే వలకు పాతిన కేబుల్‌తో పేచీ వచ్చే అవకాశం చాలా తక్కువ.

ఇక చట్టం. 1884లో టెలిగ్రాఫు కేబుళ్ల కోసం దేశాలు చేసుకున్న ఒప్పందంలోనే మత్స్యకారుల గురించి ఒక న్యాయమైన నియమం ఉంది. ఐక్యరాజ్య సమితి సముద్ర చట్టాల ఒప్పందం 115వ అధికరణంలో దాన్ని మళ్లీ రాశారు. భారతదేశం ఆ ఒప్పందాన్ని 1995లో ఆమోదించింది. కేబుల్‌కు దెబ్బ తగలకుండా ఉండాలని ఓడ యజమాని తన లంగరునో వలనో వదులుకుంటే, ముందుగా తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకున్నట్టు రుజువు చూపగలిగితే, ఆ నష్టాన్ని కేబుల్ యజమాని భరించాలి. అయితే ఈ అధికరణం వర్తించేది తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల, అంటే దాదాపు 22 కిలోమీటర్ల, ఆవల ఉన్న సముద్రానికి. మీ నాన్నగారిలాంటివారు ఎక్కువగా వేటాడేది ఆ లోపలే. అక్కడ నడిచేది మన దేశపు చట్టం, మన ప్రభుత్వం పెట్టే షరతులు. అంతర్జాతీయ జలాల్లో ట్రాలర్ యజమానికి ఉన్న హక్కు ఇంటి ముందు వల వేసే మత్స్యకారుడికి తక్కువ కాకూడదని నేను గట్టిగా అనుకుంటున్నాను. అందుకే పరిహారం ఎవరు, ఎన్ని రోజుల్లో ఇవ్వాలన్నది అనుమతి షరతుల్లోనే రాయించుకోవాలి.

తీరంలో జరిగే ఇలాంటి పనికి తీర నియంత్రణ మండలి నిబంధనల కింద అనుమతి కావాలి. రాష్ట్ర తీర మండలి నిర్వహణ సంస్థ దాన్ని పరిశీలిస్తుంది, దరఖాస్తు వివరాలు కేంద్రం నడిపే పరివేష్ వెబ్‌సైటులో చూడవచ్చు. మీరు చదువుకున్నవారు కాబట్టి మీ సహకార సంఘం తరఫున, కానీ మీ సొంత పేరుతో, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగండి: కేబుల్ ఏ దారిలో వస్తుంది, ఎంత లోతున పాతుతారు, ఆ మ్యాపు తెలుగులో మత్స్యకారులకు ఎప్పుడిస్తారు, పరిహారం షరతు ఉందా? 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇంకో సూచన కూడా మీ సంఘం చేయవచ్చు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం ఉంటుంది. తీరానికి దగ్గరి పనులు ఆ రోజుల్లోనే పూర్తి చేయమని అడగడం సమంజసమైన కోరిక.

వల నిజంగానే చిక్కుకుంటే మాత్రం లాగవద్దని నాన్నకూ అన్నయ్యకూ చెప్పండి. దారిలో సంకేతాన్ని బలపరిచే పరికరాల కోసం ఆ కేబుల్ లోపల వేల వోల్టుల విద్యుత్తు పారుతుంది. పైకి లాగడం కేబుల్ కంటే ముందు మనిషి ప్రాణానికి ముప్పు. జీపీఎస్‌లో స్థానం, సమయం గుర్తుపెట్టుకుని, ఫొటో తీసి, వలను కోసి వదిలేసి, తీర రక్షక దళం నంబరు 1554కు, మత్స్య శాఖకు తెలియజేయాలి. ఆ ఫొటోనే రేపు పరిహారానికి సాక్ష్యం. గాజువాక పాఠకుడికి పైన చెప్పిన జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి.

ప్రశ్న: నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిని. నా అంశానికి సంబంధించిన ఒక వెబ్‌సైటు హాస్టలు వైఫైలో తెరుచుకోవడం లేదు, నా మొబైల్ నెట్‌లో తెరుచుకుంటోంది. ప్రభుత్వ ఆదేశంతో ఆపారని ఒక నెట్‌వర్క్‌లో కనిపించింది. ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు అన్నది తెలుసుకునే హక్కు నాకుందా? (పరిశోధకుడు, విశాఖపట్నం)

జవాబు: ఒకచోట తెరుచుకుని మరోచోట తెరుచుకోకపోవడానికి కారణం సాంకేతికమైనది. ప్రభుత్వం ఆదేశం మాత్రమే ఇస్తుంది, ఆపే పని ఒక్కో ఇంటర్నెట్ సంస్థ ఒక్కో విధంగా చేస్తుంది. ఒక సంస్థ వెబ్‌సైటు పేరును చిరునామాగా మార్చే డీఎన్ఎస్ దశలోనే తప్పుడు జవాబు ఇస్తుంది. మరో సంస్థ మీ ఫోను వెబ్‌సైటుతో మొదటి పలకరింపు జరిపేటప్పుడు బయటికి కనిపించే పేరును చదివి కలయికనే తెంపేస్తుంది. మీ వైఫైలో విశ్వవిద్యాలయం సొంతంగా పెట్టుకున్న వడపోత కూడా కావచ్చు, ముందు దాన్ని అక్కడి కంప్యూటర్ కేంద్రంలో అడిగి తేల్చుకోండి.

ప్రభుత్వ ఆదేశమే అయితే, అది సమాచార సాంకేతిక చట్టం 69ఎ సెక్షన్ కింద ఇచ్చినది అయ్యుండవచ్చు. దేశ సార్వభౌమత్వం, రక్షణ, రాజ్య భద్రత, విదేశాలతో మైత్రి, శాంతిభద్రతలు, వీటికి సంబంధించిన నేరాలకు ప్రేరేపణ: ఈ కారణాలతో మాత్రమే, కారణాలను రాతపూర్వకంగా నమోదు చేసి మాత్రమే ఆపాలి. 2009 నాటి నిబంధనలు ఒక సంఘాన్ని, నోటీసును, పునఃపరిశీలనను నిర్దేశించాయి. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన 66ఎ సెక్షన్‌ను కొట్టివేసింది, 69ఎను మాత్రం నిలబెట్టింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ నారిమన్‌తో పాటు ఉన్న జస్టిస్ జాస్తి చలమేశ్వర్ మీ విశ్వవిద్యాలయంలోనే న్యాయశాస్త్రం చదివారు. 69ఎ నిలబడటానికి ధర్మాసనం చూపిన ఆధారాల్లో ముఖ్యమైనది ఇదే: కారణాలు రాతలో ఉంటాయి కాబట్టి బాధితుడు రిట్ పిటిషనుతో హైకోర్టుకు వెళ్లవచ్చు. కానీ అవే నిబంధనల్లోని 16వ నిబంధన ఫిర్యాదులను, చర్యలను గోప్యంగా ఉంచమంటుంది. మీరు సమాచార హక్కు కింద అడిగితే ఆ గోప్యతే జవాబుగా వచ్చే అవకాశం ఎక్కువ. చూడలేని ఆదేశాన్ని ఎవరైనా ఎలా సవాలు చేస్తారు? ఈ రెండింటికీ పొత్తు కుదరదు, గోప్యత తగ్గాల్సిందేనని నా అభిప్రాయం. ఇంటర్నెట్ నిలిపివేత విషయంలో సుప్రీంకోర్టు 2020 జనవరిలో అనూరాధా భసీన్ కేసులో ఆదేశాలను ప్రచురించాలని, గడువు లేకుండా నిలిపివేయకూడదని చెప్పింది. మొత్తం జిల్లాకు నెట్ ఆపిన ఆదేశాన్ని ప్రచురించగలిగినప్పుడు ఒక వెబ్‌సైటును ఆపిన ఆదేశాన్ని ఎందుకు ప్రచురించకూడదు?

ఇక్కడ మీవంటి పరిశోధకులు పట్టించుకోవాల్సిన అంశం మరొకటి ఉంది. చట్టం మాట్లాడేది ఫలానా సమాచారాన్ని ఆపడం గురించి. ఈనాడు చాలా వెబ్‌సైట్లు ఎన్‌క్రిప్షన్‌తో, అంటే మధ్యవారు చదవలేని సంకేత రూపంలో, నడుస్తున్నాయి కాబట్టి మధ్యలో ఉన్న ఇంటర్నెట్ సంస్థకు వెబ్‌సైటు పేరు కనిపిస్తుంది గానీ అందులోని పేజీ కనిపించదు. ఒక్క పేజీని ఆపమంటే ఆ సంస్థ మొత్తం వెబ్‌సైటునే మూయాల్సి వస్తుంది. 2014 డిసెంబరులో 32 వెబ్‌సైట్లను ఆపినప్పుడు ప్రోగ్రామర్లు రోజూ వాడే గిట్‌హబ్, పాత వెబ్ పేజీలను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా వాటిలో ఉన్నాయి. అంటే ఆంక్ష అవసరానికి మించకూడదన్న రాజ్యాంగ సూత్రం నిలవాలో లేదో న్యాయమూర్తి కలం ఒక్కటే తేల్చడం లేదు, తీగలో ఏం కనిపిస్తుంది అన్నది కూడా తేలుస్తోంది. ఆదేశం ఇచ్చే సంఘంలో న్యాయ, హోం, సమాచార ప్రసార శాఖల ప్రతినిధులతో పాటు సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ప్రతినిధి ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి. ఈ సాంకేతిక పరిమితిని ఆ ప్రతినిధి ప్రతి కేసులోనూ రాతపూర్వకంగా నమోదు చేయాలన్న నియమం రావాలి.

మీరు చేయగలిగినవి: ఏ నెట్‌వర్క్‌లో, ఏ రోజున, ఏ సందేశం వచ్చిందో నమోదు చేయండి. ఆ వెబ్‌సైటు నడిపేవారికి తెలపండి, ఎందుకంటే నోటీసు అందుకోవాల్సింది వారు, చాలాసార్లు వారికే తెలియదు. మీ పరిశోధనకు అది అత్యవసరమైతే మీ మార్గదర్శకుల ద్వారా విశ్వవిద్యాలయం నుంచే ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖకు లేఖ రాయించండి.

ప్రశ్న: తుఫాను వస్తుందంటే మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో రకరకాల సందేశాలు వస్తాయి. హుద్‌హుద్ చూసినవాళ్లం కాబట్టి భయంతో నేనూ పంపిస్తాను. తప్పుడుదైతే నన్ను అరెస్టు చేస్తారా? (ఒక గృహిణి, భీమునిపట్నం)

జవాబు: పై జవాబులో చెప్పిన 66ఎ సెక్షన్ కింద అయితే చేయలేరు. అది 2015లోనే పోయింది. తరువాత కూడా పోలీసులు దాని కింద కేసులు పెడుతుంటే, ఎవరినీ ఆ సెక్షన్ కింద విచారించరాదని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. కానీ 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ అమల్లో ఉంది. విపత్తు గురించి గానీ దాని తీవ్రత గురించి గానీ ప్రజల్లో కలవరం పుట్టించే తప్పుడు హెచ్చరికను ప్రచారం చేస్తే ఏడాది వరకు జైలు లేదా జరిమానా పడవచ్చు. మీవంటివారు భయంతో, మంచి ఉద్దేశంతో పంపినదాన్ని కోర్టు వేరుగా చూడవచ్చు. అయినా ఆ వాదన వినిపించడానికి కోర్టుదాకా వెళ్లే పరిస్థితి మీకెందుకు? 2014 అక్టోబరు 12న ఫోన్లు మూగబోయిన ఊరు మనది. అలాంటి వేళ తప్పుడు సందేశం ఒకటి జనాన్ని తప్పుడు దారిలో పరుగెత్తించగలదు. మన ఊళ్లోనే తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది. వాతావరణ శాఖ ప్రకటనలో వెలువడిన సమయం, తుఫాను ఉన్న స్థానం, గాలి వేగం, తదుపరి ప్రకటన ఎప్పుడన్నది ఉంటాయి. ఇవేవీ లేని సందేశాన్ని పంపకండి. ఉన్నదాన్ని కూడా సందేశం రూపంలో కాకుండా శాఖ వెబ్‌సైటు లింకుగా పంపండి, అప్పుడు ఆరు గంటల కిందటి పాత ప్రకటన కొత్తదిగా తిరగదు.